బండి పక్కన కునుకు

ఆర్మూర్,
ఫిబ్రవరి 10

పూజ్యులైన ముత్తెన్న పెద్దబాపుకు, గజేందర్ దండం పెట్టి రాయునది.

ఇక్కడ బండి తప్ప అందరం బాగున్నాం. మీరూ పెద్దమ్మా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే అందులో మీకు తుమ్మెద రొద తప్ప ఏమీ వినపడదంటిరి. అందుకే ఈ ఉత్తరం.

మీరిచ్చిన బండికి ఈ నెలతో పదహారేండ్లు నిండాయి. ఏడేండ్ల కింద మీరు దాని మీద నుంచి పడి భుజం బొక్క విరిగినప్పుడు తాళం నా చేతిలో పెట్టారు. ఆనాటి నుంచి అది నన్ను రోజూ ఆర్మూర్ నుంచి భీమ్‌గల్ దవాఖానకు మోసింది. ఇప్పుడు దాన్ని నేను మోస్తున్నాను. పోయిన వారం మూడుసార్లు దారిలో ఆగింది. పొద్దున్నే మంచులో దాన్ని నెట్టుకుంటూ పోతుంటే ఇరుపక్కలా మక్క చేన్లు, దూరంగా గుట్టలు, ఎక్కడో పసుపు ఉడుకుతున్న వాసన. నాకు కాసేపు నౌకరి సంగతే గుర్తుండదు. కానీ అక్కడ ల్యాబు ముందు ముసలివాళ్ళు రక్తం ఇవ్వడానికి పరగడుపున బల్ల మీద కూర్చొని నా కోసం చూస్తుంటారు. మొన్న ఒకామెకు కళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ నాకు మెమో ఇచ్చింది. నాది ఔట్‌సోర్సింగ్ నౌకరి. మూడు మెమోలైతే మార్చి ఆఖరుకు రెన్యువల్ ఉండదు.

ఇక్కడ పసుపు యార్డు దగ్గర జయరాజ్ అనే అతను పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ నడుపుతున్నాడు. అతని దగ్గర ఒక నల్ల బండి, వంద సీసీది, నాకు నచ్చింది. రేపే తెచ్చుకుందామంటే మీ కోడలు రోజారాణి అడ్డం కూర్చుంది. మన ఇంట్లో ఎద్దును కొన్నా బర్రెను కొన్నా ఇంటి పెద్ద దాని పక్కన మధ్యాహ్నం ఒక కునుకు తీసి, వచ్చిన కలను బట్టి ఊ అనో ఊహూ అనో చెప్పేవారట కదా. పాత బండిని కూడా మీరు అట్లాగే ఖాయం చేశారని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. "పెద్దమామ కల చూడని బండి నేనెక్క" అంటున్నది. కాబట్టి ఆదివారం బండి తెస్తాను. ఒక్క కునుకు తీసి ఊ అనండి.

ఇట్లు,
మీ కొడుకు గజేందర్

తా.క. కల జర తొందరగా రావాలి. సాయంత్రం ఆరింటికల్లా బండి వాపస్ ఇమ్మన్నాడు జయరాజ్.


సిరికొండ,
ఫిబ్రవరి 13

చిరంజీవి గజేందర్‌ను ముత్తెన్న పెద్దబాపు దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. గల్ఫ్‌కు పోయినవాళ్ళకు వాళ్ళ ఇండ్ల తరఫున నలభై ఏండ్లు ఉత్తరాలు రాసిన చెయ్యి ఇది. నా పేరు మీద ఉత్తరం రాక ఎన్నేండ్లయిందో. మూడుసార్లు చదువుకొని, నాలుగోసారి మీ పెద్దమ్మకు వినిపించాను. బొక్క విరిగిన సంగతి ఇప్పుడెందుకు యాది చేశాడని గులిగి, బీడీల చాట తీసుకొని, తనతో బీడీలు చుట్టే ముత్తవ్వ ఇంటికి పోయింది.

కునుకు అంటే ఆషామాషీ కాదు, దానికొక పద్ధతి ఉంది. పశువు ఆకలితో ఉంటే కల సరిగా రాదు, కాబట్టి ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకొని రా. ముకుతాడు లేని ఎద్దు కలలోకి రాదు, కాబట్టి తాళం బండికే ఉంచు. అన్నిటికన్నా ముఖ్యం, కొనేవాడి కన్ను దాని మీద పడకూడదు. నువ్వు కడుపునిండా తిని, లోపలి అర్రలో తలుపు వేసుకొని, గోడ వైపు తిరిగి పడుకోవాలి. నేను లేపేదాకా లేవకూడదు. కల ఏమిటో అదే రోజు నోటితో చెప్పరాదు, ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
ముత్తెన్న

తా.క. నీ హెల్మెట్ కూడా బండి మీదే ఉంచు. మెడలో గంట లేని ఎద్దు సగం ఎద్దే. నీది చిన్నదైతే జయరాజ్‌ను పెద్ద సైజుది అడుగు.


సిరికొండ,
ఫిబ్రవరి 17

చిరంజీవి గజేందర్‌కు పెద్దబాపు దీవెనలు.

నిన్న నువ్వు కోడి కూర తిని లోపల పడుకున్నాక, కొట్టం కింద బండి పక్కన మంచం వాల్చుకున్నాను. కన్ను మూశానో లేదో కల పట్టుకున్నది.

కలలో నేను బండి మీద ఉన్నాను. పసుపు ఆరబోసిన కల్లాల నడుమ నుంచి పోతున్నాము. నేలంతా పసుపు, గాలి కూడా పసుపే. ఎండ ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. వీపు మీద నా అంగీ ఉబ్బింది. కాలువ గట్టు ఎక్కాము. అక్కడి నుంచి గుట్టలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా పడుకొని ఉన్నాయి. నా డెబ్బై రెండేండ్లు దారిలో ఎక్కడో జారిపోయాయి, నేను వెనక్కి తిరిగి వెతుక్కోలేదు. ఎంత హాయిగా ఉండిందో ఎట్లా రాసేది.

కానీ గజేందర్, గట్టు ఎక్కేటప్పుడు ఆ బండికి ఆయాసం వచ్చింది. రెండో గేరు పట్టు వదిలి న్యూట్రల్‌లో పడుతున్నది. దిగేటప్పుడు చైను టకటక కొట్టుకున్నది. ఇట్లాంటి కల వచ్చిన దాన్ని మన ఇంటికి తేరాదు. ఇంకొకటి చూడు.

ఇట్లు,
ముత్తెన్న

తా.క. సైడ్ స్టాండు స్ప్రింగు కూడా వదులైంది. కలలోనే చూశాను.


ఆర్మూర్,
ఫిబ్రవరి 20

పూజ్యులైన పెద్దబాపుకు గజేందర్ దండాలు.

మీ ఉత్తరం చదివి, నమ్మకం కుదరక, బండిని మెకానిక్ హన్మండ్లుకు చూపించాను. విప్పి చూశాడు. రెండో గేరు అరిగింది, చైను సాగింది, స్ప్రింగు వదులే. "మీ పెద్దబాపు ఏ గ్యారేజీల పన్జేసిండే?" అని అడిగాడు. ఆయన పడుకున్నాడని చెప్పాను. హన్మండ్లు పానా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

ఇంకొక వింత. టైర్ల గాడుల్లో పసుపు కనపడింది. కొట్టంలో ఉన్న బండికి పసుపు ఎక్కడిదని నేను ఆలోచిస్తుంటే, రోజారాణి అప్పటికే కర్పూరం వెలిగించింది. బండి మీ కలలోకి పోయి, అక్కడి పసుపు అంటించుకొని వచ్చిందని ఆమె లెక్క. గల్లీ అంతా వచ్చి టైర్లకు మొక్కి పోయారు.

నాకు ఫికరంతా పెట్రోలు గురించి. నిండా పోయించిన ట్యాంకు సాయంత్రానికి సగమైంది. మీరు కలలో ఉన్నప్పుడు ఎవరో పైపు పెట్టి తీసినట్టున్నారు. పక్కింటి ధర్మయ్య మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఆదివారం ఎర్ర బండి తెస్తాను. నూట యాభై సీసీ.

ఇట్లు,
గజేందర్

తా.క. పెద్దబాపు, మీతో దాచేదేముంది, ఈ ఎర్రది రోజూ నా కలలోకే వస్తున్నది. మీ కలలో కూడా దాన్ని జర మంచిగా చూడండి.


సిరికొండ,
ఫిబ్రవరి 25

చిరంజీవి గజేందర్‌కు దీవెనలు.

ధర్మయ్యను అనుమానించకు. పాపం అతనే దుఃఖంలో ఉన్నాడు. ఆరబోసిన పసుపు మీద నుంచి ఎవరో బండి తోలారట. కల్లం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చక్రం గీత పడింది. ఊరందరినీ అడుగుతున్నాడు. నేను కూడా అతనితో పాటు తిరిగి అడిగి వచ్చాను.

ఇక నీ ఎర్ర బండి. అది కలలో పరుగెత్తలేదు, ఎగిరింది. మక్క చేన్ల ఆకులన్నీ ఒకేసారి నా వైపు తిరిగినట్టయింది. నిజం చెప్తున్నాను, కంట్లో నీళ్ళు వచ్చాయి. గాలికి వచ్చాయో సంతోషానికి వచ్చాయో చెప్పలేను. కానీ ఆ సీటు ఏమిటి బిడ్డా. బల్లి గోడకు కరుచుకున్నట్టు ట్యాంకు మీద బోర్లా పడాలి. కలలో వంగిన నడుము ఇంతవరకు లేవలేదు. రోజూ భీమ్‌గల్ పోయి వచ్చేవాడికి అది పనికిరాదు. రోజారాణిని ఆ వెనుక సీటు మీద కూర్చోబెడితే అటక మీద కూర్చున్నట్టు ఉంటుంది. వద్దు.

ఇట్లు,
ముత్తెన్న

తా.క. నడుము నొప్పికి ఏదైనా మంచి లేపనం ఉంటే వచ్చేటప్పుడు తే. పెద్దమ్మ ముందర ఇవ్వకు.


ఆర్మూర్,
ఫిబ్రవరి 28

పూజ్యులైన పెద్దబాపుకు దండాలు.

ఎర్ర బండిని వాపస్ ఇచ్చి వస్తుంటే దుకాణం అద్దంలో నుంచి అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది. సరే, మీ మాట.

జయరాజ్ మీటరు చూసి కోపానికి వచ్చాడు. ఆర్మూర్ నుంచి సిరికొండకు రానూపోనూ దూరం పోగా ఇంకో నలభై ఆరు కిలోమీటర్లు ఎక్కువ తిరిగిందట. పెట్రోలు దొంగ ఇప్పుడు బండినే తీసుకుపోయి తిప్పుతున్నట్టున్నాడు. మీకు అంత గాఢంగా నిద్ర పడుతున్నదంటే ఒకసారి బీపీ చూపించుకుంటే మంచిది.

ఇక్కడ రోజారాణి వల్ల మీ పేరు మోగిపోతున్నది. యార్డులో పసుపు అమ్ముకోవడానికి వచ్చిన మాక్లూర్ రైతు ఒకాయన బోరు మోటారు తెస్తాను, దాని పక్కన పండి కునుకు తీస్తారా అని అడిగాడు. మా ఎదురింటి ఆమె కుట్టు మిషన్ తెస్తానంటున్నది.

నాకు నిన్న రెండో మెమో వచ్చింది. పాత బండి వాగు దగ్గర ఆగింది. నేను పోయేసరికి బల్ల మీద పదకొండు మంది ఉన్నారు, నన్ను చూడగానే రక్తం ఇవ్వడానికి చేతులు చాపారు. తిడితేనే బాగుండేది.

ఆదివారం కరెంటు బండి తెస్తాను. దాంట్లో పెట్రోలే ఉండదు కాబట్టి దొంగ ఏం చేస్తాడో చూద్దాం.

ఇట్లు,
గజేందర్

తా.క. బోరు మోటారు ఆయనకు ఏం చెప్పమంటారు? రోజూ వచ్చి అడుగుతున్నాడు.


సిరికొండ,
మార్చి 4

చిరంజీవి గజేందర్‌కు దీవెనలు.

ఈసారి కలలో చప్పుడే లేదు. చెట్టు నీడ నుంచి చెట్టు నీడకు జారుకుంటూ పోయాను. మడిలో కొంగ తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ తన పనిలో పడింది. మేకలు కూడా పక్కకు జరగలేదు. నేను చచ్చిపోయానేమోనని కలలోనే ఒక అనుమానం వచ్చింది. చావు ఇంత చల్లగా ఉంటుందని ముందే తెలిస్తే ఇన్నేండ్లు భయపడకపోదును అనుకున్నాను.

తూము దగ్గర అది ఆగిపోయింది. నడిచినప్పుడూ చప్పుడు లేదు, ఆగినప్పుడూ చప్పుడు లేదు. అందుకని ఆగిన సంగతి నాకు కాసేపు తెలియనే లేదు. తర్వాత నెట్టాను. చాలా పొడుగు కల, గజేందర్. నువ్వు లేచేసరికి నేను మంచం మీద చెమటతో ముద్దయి ఉన్నది అందుకే. బండి మంచిదే, దాని మీద నాకు మనసైంది. కానీ మీ దారిలో మధ్యలో ఆగితే దాని నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు ఎవరున్నారు? ఇంకొకటి చూడు.

ఇట్లు,
ముత్తెన్న

తా.క. బోరు మోటారు పక్కన పండనని చెప్పు. దాని మీద కూర్చొని ఎక్కడికి పోయేది?


ఆర్మూర్,
మార్చి 10

పెద్దబాపుకు గజేందర్ రాయునది.

ఈసారి కోపంగానే రాస్తున్నాను, తప్పయితే కొట్టండి.

నేను తెచ్చినప్పుడు ఆ బండిలో ఎనభై ఒక్క శాతం కరెంటు ఉంది. నేను లేచి చూస్తే రెండు శాతం. మీ ఊరి గంగాదాస్ ట్రాలీ ఆటోలో వేసుకొని ఆర్మూర్ దాకా తీసుకుపోయిన సంగతి మీకు తెలుసు. కల కరెంటు తాగిందని రోజారాణి అంటున్నది. ఇక నేను నమ్మలేను. మీ ఊరి దొంగ పెట్రోలునూ కరెంటునూ ఒక్క తీరుగా దొంగిలిస్తున్నాడు.

మొన్న బీడీలు చుట్టే ఒక ముసలమ్మ ఆరు కిలోమీటర్లు పరగడుపున నడిచి వచ్చి, నేను లేనని తిరిగి నడిచి పోయింది. డాక్టరమ్మ పిలిచి, మూడో మెమో కాగితం టేబుల్ మీద పెట్టి, సంతకం మాత్రం చేయకుండా ఆపింది. నాకు భయంగా ఉంది పెద్దబాపు. ఈ నౌకరి పోతే నాకు వేరే పని రాదు.

ఆదివారం గంగాకిషన్ సారు బండి తెస్తున్నాను. రిటైరైన పంతులు. బడికీ కూరగాయలకూ తప్ప దాన్ని వాడలేదు. వంద సీసీ, మెత్తటి సీటు, లీటరుకు అరవై పైనే ఇస్తుంది. మీ కల ఏమైనా కానీ దాన్నే కొంటాను. ఇంకో మాట, నేను పడుకోను. కొట్టం వెనుక చొప్ప కుప్పలో కూర్చొని ఆ దొంగను పడతాను.

ఇట్లు,
గజేందర్

తా.క. పెద్దమ్మను కోడి కూర వండొద్దనండి. తింటే నాకు నిద్ర ఆగదు.


సిరికొండ,
మార్చి 12

చిరంజీవి గజేందర్‌కు పెద్దబాపు దీవెనలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. తిరిగి నడిచిపోయిన ఆ ముసలమ్మ నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. నా సంతోషంలో నేను పడి ఆ బల్ల మీది వాళ్ళను మరిచాను. తప్పు నాదే.

దొంగను నువ్వు పట్టాల్సిన పని లేదు. అతను ఎవరో నాకు తెలుసు. మంచి ఇంటివాడే, వయసు మీద పడింది. నేనే మాట్లాడి మానిపిస్తాను. ఈ ఒక్క ఆదివారం లోపల పడుకో. ఈసారి ఊ అనకపోతే ఆర్మూర్ వచ్చి నీ పాత బండిని రోజూ నేనే నెడతాను.

ఇట్లు,
ముత్తెన్న

తా.క. కోడి కూర వద్దని పెద్దమ్మకు చెప్పాను. అయితే మటన్ తెమ్మన్నది.


సిరికొండ,
మార్చి 17

చిరంజీవి గజేందర్‌ను భీమవ్వ పెద్దమ్మ దీవించి రాయించునది.

బిడ్డా, చెయ్యి మీ పెద్దబాపుది, మాట నాది. నలభై ఏండ్లు ఊరందరి మాట రాసిండు, గియ్యాల నా మాట రాస్తుండు. ఒక్క ముక్క తప్పించినా ముత్తవ్వతోని చదివిస్త అని చెప్పిన.

మీ పెద్దబాపు ఒక్క ఆదివారం అన్న పండలే. నువ్వు లోపల గుర్రు పెట్టంగనే బండిని చప్పుడు కాకుంట గల్లీ మల్పు దాక నూకి, గాడ ఇంజను చాలు చేసి, కాలువ గట్టుకు పోతుండె. పెట్రోలు దొంగ గీయననే. ధర్మయ్య పసుపు తొక్కింది గీయననే. కరెంటు బండిని రెండు మైళ్ళు నూక్కుంట వచ్చింది గీయననే. (ఇక్కడ జర ఆగమన్నాను, ఆగలేదు. ముత్తెన్న.)

నాకు మొదటి ఆదివారమే ఎర్కైంది. పండి లేసినోని ఎంటికలు గట్ల ఎన్కకు నిలవడయి. చూసి ఊకున్న.

అన్ని బండ్లు ఎందుకు వద్దన్నడో ఇను. ఏడేండ్ల కింద బొక్క ఇరిగినప్పుడు, మన ఇంటి బండి ఇగ నడుపనని నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించిన. గా ఒట్టు తప్పలేదంటడు. కొనేదాక అది జయరాజ్ బండి గని మనది కాదట. నువ్వు కొన్ననాడు మనదైతది, ఒట్టు తగుల్తది. గందుకే ఏది తెచ్చినా ఏదో ఒక వంక చెప్పిండు. (రెండో గేరు జారిన మాట మాత్రం నిజం. ముత్తెన్న.)

నిన్న నేను ముత్తవ్వ ఇంటికి పోలే. తూము కాడ పోయి నిలవడ్డ. గంగాకిషన్ సారు బండి మీద వచ్చిండు, నన్ను చూసి ఆపిండు. తిడదామనే పోయిన బిడ్డా. కని గా మొఖం చూసిన. పెండ్లైన కొత్తల ఉన్న మొఖం. ఏడేండ్లు దాన్ని నేనే ఇంట్ల కట్టేసిన అనిపించింది, నాకు ఏడుపొచ్చింది. భయం నాకు ఇప్పటికీ ఉన్నది. అయినా ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. నేను ఎన్క ఉంటెనే నడుపాలె అన్న, ఎక్కి కూసున్న.

భయానికి నేను ఎన్నడు బండెక్కలే. నలభై తొమ్మిదేండ్లల్ల గీ మనిషి ఎన్క కూసునుడు గదే మొదలు. మక్క చేన్లు ఎన్కకు పోతున్నయి, కల్లాలు ఎన్కకు పోతున్నయి. గుట్టలు మాత్రం మాతోనే వస్తున్నయి. బీడీలు చుట్టుకుంట తల వంచినదాన్ని, గంత దూరం చూసి ఎన్నేండ్లైందో.

సీటు ఎడల్పున్నది. చీర చక్రంల పడకుంట జాలి ఉన్నది. పట్టుకునేతందుకు కడ్డీ ఉన్నది గని, నాకు అక్కర పడలే. గదే కొను. రేపే కొను, పరగడుపోళ్ళను కూసోవెట్టకు. నీ పేరు మీదనే రాయించుకో. సోమవారం నుంచి శనివారం దాక అది నీది.

ఇట్లు,
భీమవ్వ పెద్దమ్మ

తా.క. ఆమె ముత్తవ్వకు చెప్పడానికి పోయింది, కాబట్టి ఈ నాలుగు మాటలు నావి. ఆ కలలన్నీ అబద్ధమే గజేందర్, నన్ను క్షమించు. కానీ నిన్న మేము తిరిగి వచ్చేసరికి నువ్వు ఇంకా లేవలేదు. ఆ బండి పక్కనే మంచం మీద ఒరిగాను. నిజంగానే కునుకు పట్టింది, నిజంగానే కల వచ్చింది. బండి మీ పెద్దమ్మ నడుపుతున్నది, నేను వెనుక కూర్చున్నాను. మస్తు వేగంగా పోతున్నది. భయమైంది, కానీ దిగాలనిపించలేదు.